చిలకలపూడి గొలుసులు, ఇత్తడి ఓడలు

పనిలో కొత్తగా చేరే పిల్లలు ముందు జీతం సంగతి అడుగుతారు, తరవాత సెలవుల సంగతి. ఆ రెండూ మా యజమాని రంగారావు గారు చెప్తారు. ఆయన చెప్పనివి నేను రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. చేతికి వణుకు రావడంతో పని మానేశాను. వణికే చెయ్యి ఓడ పనికి పనికిరాదు గానీ రాయడానికి పనికొస్తుంది. అక్షరాలు కాస్త వంకర పోతాయి, అంతే.

తెలియనివాళ్ళ కోసం ముందు పనేమిటో చెప్తాను. బందరు చిలకలపూడిలో రంగారావు గారి మేడ మీద యుద్ధనౌకల నమూనాలు చేస్తాం. అసలు ఓడలో రెండు వందలవ వంతు. ఆ కొలతలో మనిషి వడ్లగింజంత ఉంటాడు. ఆ మనిషి పట్టుకునే రెయిలింగు, ఎక్కే నిచ్చెన, నెత్తిమీద తిరిగే రాడార్ జల్లెడ, అన్నీ పల్చటి ఇత్తడి రేకులో తయారై వస్తాయి. రేకు మీద బొమ్మ అచ్చువేసి మందులో ముంచితే, అక్కర్లేని చోట ఇత్తడిని మందు తినేస్తుంది, కావలసింది మిగులుతుంది. దాన్ని ఫొటో ఎచ్చింగ్ అంటారు. మేము జాలీ అంటాం. జాలీలోంచి ఒక్కో ముక్కా కోసి, వంచి, అతికించడమే పని. వినడానికి ఇంతే. చెయ్యడానికి నా కళ్ళు సగం ఖర్చయ్యాయి.

ఉండని మనుషులు

లంగాఓణీ వేసుకునే రోజుల నుంచి నేను రోల్డుగోల్డు గొలుసుల పని చేశాను. కొక్కేనికి కొక్కెం తగిలించడం, టంకం పెట్టడం, ఆకురాయితో రుద్దడం. తరవాత మెషిన్ గొలుసులు వచ్చాయి. మా వీధిలో కొలుములు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. రంగారావు గారిది తాతల నుంచీ మా దగ్గర గొలుసులు కొని ఊళ్ళకి పంపే వ్యాపారం. ఆయన మాత్రం విశాఖపట్నం వెళ్ళి నమూనా ఓడలు చేసే చోట కొన్నాళ్ళుండి, ఆ విద్య పట్టుకుని తిరిగొచ్చారు. వచ్చి, ఖాళీగా కూర్చున్న గొలుసు పనివాళ్ళని పిలిచారు.

నా చేతిలో ఒక రెయిలింగు ముక్క పెట్టారు. వెంట్రుక లావున మూడు వరసలు, మధ్యమధ్య నిలువు పుల్లలు.

"ఇంత సన్నగా ఉంటే మెడలో ఆగదండీ, తెగుద్ది" అన్నాను.

"మెడకి కాదు రత్నమ్మ గారూ, ఓడకి."

"ఓడకి నగలెందుకు?"

"నగ కాదండీ. రెయిలింగు. మనుషులు సముద్రంలో పడిపోకుండా."

"ఏ మనుషులు?"

"ఎవరూ ఉండరు. ఉన్నారనుకోవాలి."

లేని మనుషులు పడిపోకుండా కంచె కట్టడానికి జీతం ఇస్తానంటున్నాడు. మంచిదే అనుకున్నాను. మర్నాటి నుంచి వెళ్ళాను.

మొదట్లో అందరూ చేసే తప్పు ఒకటుంది. జాలీలో ముక్కని చుట్టూ ఉన్న చట్రానికి సన్నటి తోకలు పట్టుకుని ఉంటాయి. కొత్తవాళ్ళు ఆ తోకల్ని చేత్తో విరుస్తారు. చిక్కుడుకాయ ఈనె తీసినట్టు తియ్యడానికి అది చిక్కుడుకాయ కాదు. ముక్క మెలితిరిగిపోతుంది, మళ్ళీ సాపు కాదు. గాజు పలక మీద పెట్టి, కత్తి మొనతో నొక్కి కొయ్యాలి. మిగిలిన మొటిమని ఆకురాయితో తియ్యాలి. చట్రాన్ని పారేయకూడదు. అది కూడా ఇత్తడే. దాన్ని కోసి నేను మెట్లు చేశాను, కొక్కేలు చేశాను, తలుపు గడియలు చేశాను. నేను పనిచేసినన్నాళ్ళు మా షాపు చెత్తబుట్టలో ఇత్తడి కనబడలేదు. ఇప్పుడు కనబడుతోందని విన్నాను.

ఫ్యాను సంగతి

బందరు ఎండలో ఫ్యాను లేకుండా కూర్చోవడం కొత్తవాళ్ళకి కష్టం. అయినా కూర్చోవాలి. కోసిన ముక్క బరువు బియ్యంలో పురుగు రెక్కంత. ఫ్యాను వేస్తే ఓడకి ఉండాల్సింది కిటికీలోంచి వీధిలోకి వెళ్తుంది. మా షాపులో ఫ్యానుకి రెక్కలు తీయించేశారు. వచ్చినవాళ్ళు పైకి చూసి, మళ్ళీ మమ్మల్ని చూసేవాళ్ళు.

పాత చీర ఒకటి బల్ల అంచుకి కట్టి రెండో అంచు ఒళ్ళో వేసుకోవాలి. జారిన ముక్క చీరలో పడుతుంది. నేల మీద పడితే తుడవకూడదు, దులపకూడదు. టార్చిలైటు నేలకి ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే ఇత్తడి తళుక్కుమంటుంది.

ఒకసారి రాడార్ జల్లెడ పోయింది. నాతో పనిచేసే ఝాన్సీ, నేనూ నేల మీద బోర్లా పడుకుని వెతికాం. ఝాన్సీది గిలకలదిండి. వాళ్ళ నాన్నకి చేపల బోటు ఉంది. చిన్నప్పటి నుంచీ వలలు బాగుచేసిన పిల్ల, చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు.

"మామ్మగారూ, రాడార్ ఉన్నది పోయినవి వెతకడానికేగా. రాడారే పోతే ఎవరు వెతకాలి?" అంది.

"నువ్వు" అన్నాను.

దొరకలేదు. చట్రం ముక్కలతో ఇంకొకటి చేసి పెట్టాం. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్ళి కొప్పు విప్పితే పాత రాడార్ దిండు మీద పడింది. దాన్ని ఇంకో ఓడకి వాడాం. ఆ రోజు నుంచి షాపులోంచి వెళ్ళేముందు ఒకరి తల ఒకరం చూసుకోవడం మొదలైంది. పేలు చూసుకుంటున్నారని కిందింటివాళ్ళు అనుకున్నారు. అనుకోనిచ్చాం.

మెరుపు మీద బూడిద

రంగారావు గారి గురించి నాలుగు మాటలు. ఆయన మంచి యజమాని. పని చూడకుండా మాట అనరు. తిట్టాల్సి వస్తే గదిలోకి పిలిచి తిడతారు, మెచ్చుకోవాల్సి వస్తే నలుగురిలో మెచ్చుకుంటారు. దీనికి తిరగేసి చేసేవాళ్ళ దగ్గర కూడా నేను పనిచేశాను కాబట్టి విలువ తెలుసు.

ఆయనకి ఉన్న జబ్బల్లా ఒక్కటే. తెరిచి ఉన్నది చూడలేరు. సగం తీసిన తలుపు, మూత లేని డబ్బా, జిప్పు వెయ్యని సంచి, కనబడితే మూసేస్తారు. పక్కింటివాళ్ళ గేటు కూడా వేసి వస్తారు. గొలుసుల ఇంట్లో పుట్టిన మనిషి. మా వృత్తిలో నోరు తెరిచిన కొక్కెం కంటే పెద్ద పాపం లేదు. గొలుసంతా ఎంత బాగున్నా ఒక్క కొక్కెం విడి ఉంటే ఆ సరుకు వెనక్కి వస్తుంది. మా అందరి కళ్ళూ ఆ ఖాళీ కోసమే వెతికేవి. ఆయన కళ్ళు మరీను.

నాకున్న ఇబ్బంది వేరు. టంకం పెట్టిన ఇత్తడిని కుంకుడు రసంలో కడిగి, బ్రష్షుతో రుద్దితే ఓడ మేలిమి బంగారంలా వస్తుంది. అంత మెరుపు తెచ్చాక దాని మీద బూడిద రంగు కొట్టమంటారు. నాకు చెయ్యి రాలేదు.

"యుద్ధనౌక ఎవరికీ కనబడకూడదండీ. అందుకే ఆ రంగు" అన్నారు రంగారావు గారు.

"కనబడకూడనిదాన్ని ఇంత కష్టపడి చెయ్యడం ఎందుకండీ?"

ఆయన రంగు డబ్బా నా ముందు పెట్టి, మూత పక్కన ఉంటే దాన్ని బిగించి, తరవాత గుర్తొచ్చి మళ్ళీ తీశారు.

రంగు వెయ్యడం అలవాటైంది. ఇష్టం మాత్రం కాలేదు. వృత్తిలో అన్నీ ఇష్టపడాలని లేదు. నచ్చనిది కూడా శుభ్రంగా చేస్తే చాలు.

చీరకొంగు

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. పనిలో నేను తెచ్చిన పద్ధతి ఇదొక్కటే.

ఓడలు చేసేవాళ్ళు చాలామంది జాలీ ముక్కల్ని జిగురుతో అతికిస్తారు. అద్దాల పెట్టెలో పెట్టి దూరంగా చూసేదానికి జిగురు చాలు. మాకు చేతనైంది టంకం. మా ఓడల ఒళ్ళు టేకు చెక్క, పైన డెక్కు ఇత్తడి రేకు. అందుకని రెయిలింగుని డెక్కు అంచుకి గొలుసు అతికినట్టే టంకంతో అతికేవాళ్ళం. అయినా చిన్నవి, తొందరవి జిగురుతో కానిచ్చేసేవాళ్ళం.

గొలుసు పనిలో ఆఖరి పరీక్ష కొంగుది. పల్చటి వాయిల్ చీర కొంగు తీసుకుని గొలుసు పొడుగునా లాగుతాం. ఎక్కడైనా పోగు తగులుకుందంటే అక్కడ మొటిమ ఉన్నట్టు. కొనే ఆడవాళ్ళు పనితనం చూడరు. మెడ గీరుకుందా, జాకెట్టు దారం లేచిందా, అంతే చూస్తారు. కంటికి కనబడని మొటిమని కొంగు పట్టిస్తుంది.

ఒకసారి కొత్త రెయిలింగు మీద అలవాటు కొద్దీ కొంగు లాగాను. పోగు లేచింది. ఆకురాయితో రుద్ది మళ్ళీ లాగాను. ఝాన్సీ నవ్వింది.

"ఓడేమన్నా చీర కట్టుకుంటుందా మామ్మగారూ?"

"నువ్వు రేపటి నుంచి చుడీదార్ చున్నీతో లాగు" అన్నాను.

దేవదానం గారి ఓడ వచ్చేదాకా ఆ పరీక్ష ఎందుకో నేనూ చెప్పలేకపోయేదాన్ని.

దేవదానం గారి ఓడ

సుశీల అనే ఆవిడ గుడివాడ నుంచి వచ్చింది. నర్సు. వాళ్ళ నాన్న దేవదానం గారు వయసులో ఉండగా నేవీలో సెయిలరుగా ఒక ఓడ మీద పనిచేశారు. ఓడ పాతబడ్డాక తుక్కు కింద కోసేశారు. ఆయన పెన్షను మీద గుడివాడలో ఉంటున్నారు.

"నాన్నకి కళ్ళు పోతున్నాయండీ" అంది సుశీల. "ఒకటి పోయింది. రెండో కంట్లో సూది బెజ్జంలోంచి చూసినట్టు కాస్త కనబడుతుందంట. అది కూడా ఎన్నాళ్ళో ఉండదన్నారు. అది ఉండగా ఆ ఓడని ఒక్కసారి చూడాలంటున్నాడు. అసలుది లేదు కదా. మీరు చేసిస్తే."

ఒక ఫొటో ఇచ్చింది. ఓడ పక్కభాగం, రెయిలింగు, దాని దగ్గర తెల్ల బట్టల్లో నిటారుగా నిలబడ్డ కుర్రాడు. అది దేవదానం గారు. రంగారావు గారు ఆ రకం ఓడ ప్లాను తెప్పించారు. పని మొదలుపెట్టాం.

చెక్క ఒళ్ళు అయింది, ఇత్తడి అయింది. రంగు మిగిలింది. అప్పుడు ముసురు పట్టింది. ఒక అల్పపీడనం పోకుండానే ఇంకొకటి. తేమ గాలిలో రంగు వేస్తే పాలు విరిగినట్టు తెల్లబారిపోతుంది. వేసి చూశాం, గోకేశాం, మళ్ళీ వేశాం, మళ్ళీ గోకాం. ఎండ కోసం కూర్చున్నాం. రంగు లేకుండానే తీసుకెళ్ళి చూపించి ఉంటే ఆయన కళ్ళతో చూసేవారు. ఇత్తడి ఓడ ఇంకా బాగా కనబడేది కూడా. అది మాలో ఒక్కరికీ తట్టలేదు. పూర్తికాని సరుకు గడప దాటించకూడదన్నది మాకు చిన్నప్పటి నుంచి ఎక్కిన పాఠం. అన్ని పాఠాలూ అన్ని చోట్లా పనికిరావు.

ముసురు విడిచాక సుశీల ఫోను చేసింది.

"రంగారావు గారూ, ఇంక తొందరేం లేదులెండి" అంది.

ఆ మాటకి అర్థం మేడ మీద ఉన్నవాళ్ళందరికీ తెలిసింది. ఆ రెండో కన్నూ పోయింది. రంగారావు గారు, "పని పూర్తి చేసి అద్దాల పెట్టెలో పెట్టి ఇద్దాం. జ్ఞాపకంగా ఉంటుంది" అన్నారు.

"చూపు లేని మనిషికి అద్దాల పెట్టె ఎందుకండీ?" అన్నాను.

"మరి?"

"చేతికివ్వాలి."

"రత్నమ్మ గారూ, ఇన్నేళ్ళ నుంచి ముట్టుకోవద్దని చెప్పిన నోళ్ళండీ మనవి. వేలు తగిలితే రాడార్ ఊడొస్తుంది. రెయిలింగు కోసుకుని చెయ్యి రక్తం కారుతుంది."

"జిగురుతో అతికినవి ఊడతాయి. టంకం పెట్టినవి ఊడవు. మొటిమ ఉంటే కోసుకుంటుంది, లేకపోతే కోసుకోదు."

ఝాన్సీ అప్పటికే జిగురు ముక్కలు పీకడం మొదలుపెట్టింది.

ఓడ మళ్ళీ చేశామనే చెప్పాలి. జిగురు ఉన్నచోటల్లా టంకం. మరీ సన్నటి పుల్లల వెనక చట్రం ముక్క ఊతం. తుపాకీ గొట్టాలు మొండిగా రుద్దాం. అప్పుడు నా వాయిల్ చీర తెచ్చాను. కొంగు ఓడ ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి, పైనుంచి కిందికి లాగాం. పోగు లేచిన చోటల్లా ఆకురాయి. ఆ చీర మళ్ళీ కట్టుకోవడానికి పనికిరాలేదు. ముక్కలు చేసి మసిగుడ్డలకి వాడాను.

రంగు వేసేముందు ఆఖరిసారి చూడటానికి రంగారావు గారు భూతద్దం పట్టుకుని వచ్చారు. ఓడ కుడిపక్క, మధ్యకి కాస్త వెనగ్గా, ఆగిపోయారు.

"ఇక్కడ రెయిలింగు తెగింది."

"తెగలేదండీ, నేనే వదిలేశాను" అంది ఝాన్సీ. "ప్లానులో అక్కడ ఖాళీ ఉంది."

"గీసినవాడి పెన్ను ఆగి ఉంటుంది. ఎడంపక్క ఖాళీ ఉందా?"

"లేదు."

"చూశావా. ఒక పక్క ఉండి ఒక పక్క లేకుండా ఎట్టా ఉంటుంది?"

ఫొటో తెచ్చి భూతద్దం కింద పెట్టారు. సరిగ్గా ఆ చోటే. కుర్రాడికి ఈ పక్క రెయిలింగు ఉంది, ఆ పక్క రెయిలింగు ఉంది, మధ్యలో కుర్రాడున్నాడు.

"రెండుపక్కలా ఉన్నది మధ్యలో మాత్రం ఎక్కడికి పోతుంది? ఆయన వెనకాల ఉంటుంది. కలిపెయ్యమ్మా" అన్నారు.

"ఏమోనండీ, నాకు..." అని ఝాన్సీ నా వంక చూసింది.

"కలుపు" అన్నాను. నోరు తెరిచిన గొలుసులాగే నాకూ కనబడింది అది. ముప్పూటలా గొలుసులు చేసి బతికిన మా వీధిలో ఎవర్ని పిలిచి అడిగినా కలపమనే చెప్పేవాళ్ళు. ఝాన్సీ కలిపింది. ఎక్కడ కలిపిందో తెలియనంత బాగా కలిపింది. రంగారావు గారు నలుగురిలో మెచ్చుకున్నారు.

గుడివాడ బస్సు

ఓడ ఇవ్వడానికి నేను వెళ్తానన్నాను. కారు మాట్లాడతానన్నారు రంగారావు గారు. బస్సుండగా కారెందుకన్నాను. ఓడని చెక్కపెట్టెలో, చుట్టూ దూది పెట్టి సర్దాం. బందరు బస్టాండులో గుడివాడ బస్సెక్కి, పెట్టెని కిటికీ పక్క సీట్లో పెట్టి నేను ఇవతల కూర్చున్నాను.

కండక్టరు వచ్చాడు. "మామ్మగారూ, పెట్టె పైన పెట్టండి."

"పైన పెట్టేది కాదు."

"అయితే కింద పెట్టండి."

"కింద పెట్టేదీ కాదు. దానికి కూడా టికెట్ కొట్టు."

"పెట్టెకి టికెట్టా? ఏముందండీ అందులో?"

"ఓడ."

అతను పెట్టెనీ నన్నూ చూసి, "గుడివాడలో సముద్రం లేదండీ" అన్నాడు.

"తెలుసు. రెండు కొట్టు."

కొట్టాడు. నా జన్మలో వస్తువుకి సీటు కొన్నది అదొక్కసారే. పెడన దాటాక ఒకాయన నిలబడి పెట్టె వంక చూస్తూనే ఉన్నాడు. గుడ్లవల్లేరులో దిగేదాకా చూశాడు. నేను కిటికీలోంచి చేలు చూశాను.

కుడిపక్క

దేవదానం గారు వరండాలో కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నారు. ఎదురుగా బల్ల తుడిచి పెట్టి ఉంది.

"రండక్కయ్య గారూ. బస్సులో కూర్చోవడానికి దొరికిందా?"

"రెండు సీట్లు దొరికాయండీ" అన్నాను.

ఓడని బయటికి తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

"ముట్టుకోవచ్చా? విరుగుద్దేమో."

"విరగదండీ. గట్టిగా పట్టుకోండి. కోసుకోదు కూడా."

రెండు చేతులూ ముందుభాగం మీద వేశారు. మెల్లగా వెనక్కి జరిపారు. వేళ్ళు తుపాకీ మీద ఆగాయి. "ఇది ముందుది" అన్నారు. నిచ్చెన దగ్గర, "ఇక్కడ ఆఖరి మెట్టు ఊగేది. జారి పడ్డాను ఓసారి" అన్నారు. రాడార్ని చూపుడువేలితో తడిమి, "దీని కిందే మా బట్టలు ఆరేసుకునేవాళ్ళం. ఆరేసుకోకూడదనుకోండి" అన్నారు. సుశీల గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్ళ నాన్న చేతుల్నే చూస్తోంది.

"రెయిలింగు ఎంత సన్నగా చేశారండీ. దీనికి ఎన్నిసార్లు రంగు కొట్టానో. గోకడం, కొట్టడం, గోకడం, కొట్టడం. అదే ఉద్యోగం" అన్నారు.

మాదీ అదే అన్నాను.

వేలు రెయిలింగు మీద పెట్టి కుడిపక్క వెనక్కి పోనిచ్చారు. మధ్య దాటింది. ఆగింది. వెనక్కి తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మూడోసారి గోరుతో ఒక్కో పుల్లా లెక్కపెడుతున్నట్టు వెళ్ళారు. మొహంలో అప్పటిదాకా ఉన్న సంతోషం పోయింది.

"ఇది మా ఓడ కాదమ్మా" అన్నారు.

సుశీల ముందుకొచ్చింది. "అదేంటి నాన్నా, ఇప్పటిదాకా అన్నీ చెప్పావుగా."

"ఇక్కడ దారుండాలి. రేవులో ఉన్నప్పుడు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఇటే. గ్యాంగ్‌వే. నా డ్యూటీ అక్కడ. ఎవరొచ్చినా నన్ను దాటి రావాలి, నన్ను దాటి పోవాలి. ఇక్కడ మూసుంది."

"బొమ్మే కద నాన్నా. వాళ్ళు ఎంత కష్టపడి చేశారో."

"బొమ్మయితే ఎందుకు చేయించావే మరి" అన్నారు. కోపంగా అనలేదు. చేతులు ఒళ్ళోకి తీసుకున్నారు.

నేను ఫొటో గుర్తు తెచ్చుకున్నాను. కుర్రాడి వెనక రెయిలింగు లేదు. ఉన్న ఖాళీలోనే కుర్రాడు నిలబడ్డాడు. మేము కలిపేసింది అతను నిలబడ్డ చోటుని.

సంచిలోంచి కటింగ్ ప్లేయరు, ఆకురాయి తీశాను. అవి లేకుండా నేను పెళ్ళికి కూడా వెళ్ళేదాన్ని కాదు.

"ఎక్కడ మొదలో వేలు పెట్టి చూపించండి" అన్నాను.

ఆయన మళ్ళీ చెయ్యి చాపారు. వేలు పెట్టారు. "ఇక్కణ్ణుంచి." జరిపారు. "ఇక్కడిదాకా."

ఝాన్సీ టంకం గట్టిది. తెగడానికి మొరాయించింది. మూడు వరసలూ రెండు చివర్లా కోసి ముక్క తీసేశాను. తెగిన చోట ఆకురాయితో రుద్దాను. అప్పుడు నా కొంగు తీసుకుని లాగాను. పోగు లేచింది. రుద్దాను. మళ్ళీ లాగాను. లేవలేదు. బూడిద రంగు మధ్య ఆ రెండు చివర్లూ పచ్చగా మెరుస్తున్నాయి.

"రంగు తెచ్చి మళ్ళీ వేసి వెళ్తానండీ ఇంకోరోజు" అన్నాను సుశీలతో.

"ఏం పోయింది, రంగు పోయిందా?" అని దేవదానం గారు అడిగారు.

"కోసిన చోట ఇత్తడి కనబడుతోందండీ."

"ఉండనివ్వండి. అక్కడ ఎప్పుడూ రంగు నిలిచేది కాదు. అందరూ పట్టుకుని ఎక్కేది అక్కడే."

బొటనవేలు తెచ్చి ఆ ఖాళీలో పెట్టారు. గోరు మట్టుకు సరిపోయింది. అలాగే ఉంచి, తల ఎత్తి, వీపు ఇంకాస్త నిటారు చేశారు.

సుశీల కాఫీ తెచ్చింది. "లోపలికి రా నాన్నా, కూర్చుని తాగుదువుగాని."

ఆయన కుర్చీలోనే ఉన్నారు. "ఇక్కడికే తీసుకురా అమ్మా" అన్నారు. "నేను వదిలి రాకూడదు."

కాఫీ తాగాం. నాకు మర్యాదగా, "మీరు దిగి వెళ్ళొచ్చండీ" అని చెప్పారు. వెళ్ళొస్తానని దణ్ణం పెట్టాను. ఆయనకి కనబడదని తెలుసు.

ఈ ముక్క

మర్నాడు షాపులో రంగారావు గారికి సంగతి చెప్పి, కోసిన ముక్క ఆయన చేతిలో పెట్టాను. భూతద్దంతో చాలాసేపు చూశారు. తరవాత లోపలికెళ్ళి మేకు తెచ్చి నా బల్ల ఎదురు గోడకి కొట్టి దానికి తగిలించారు. కొత్తగా చేరినవాళ్ళు అడిగితే, ఇదేమిటో చెప్పి, ఆ తరవాతే కత్తి చేతికివ్వమన్నారు. అందుకే ఇదంతా రాశాను. ఇప్పుడు చెప్పడానికి నేను అక్కడ ఉండను.

టంకం ఎలా పెట్టాలో ఝాన్సీ నేర్పుతుంది, నాకంటే బాగా. ప్లానులో ఖాళీ ఉంటే అక్కడ ఎవరు నిలబడతారో అడగండి. చెప్పేవాళ్ళు దొరక్కపోతే ఖాళీని ఖాళీగానే వదలండి. కొంగు లాగడం మానకండి. చట్రం పారేయకండి.

రంగారావు గారు ఇప్పటికీ పక్కింటి గేటు వేసి వస్తారు. అది పోదు.

గుడివాడ నుంచి తిరిగొచ్చేటప్పుడు అదే కండక్టరు. పెట్టె ఖాళీ. ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఓడేదండీ?" అన్నాడు.

"దిగిపోయింది" అన్నాను. "ఒకటే కొట్టు."